అన్నారు అంటే ఎవరు?

ఏడో తరగతి అబ్బాయి ఒకడు క్లాస్ టీచరు దగ్గరికి వెళ్ళి, "మై ఫాదర్ సెడ్ ఐ విల్ కమ్ ఆన్ మండే" అన్నాడు. ఆవిడ వాడివంక వింతగా చూశారు. "నువ్వు ప్రతి సోమవారమూ వస్తావు కదా, మీ నాన్న వేరే చెప్పాలా?" అని నవ్వేసి, కాపీలు దిద్దుకోవడంలో పడిపోయారు. వాడికి ఏం జవాబు చెప్పాలో తోచలేదు. అసలు సంగతేమిటంటే, ఆఫీసు నుంచి తెచ్చిన సర్టిఫికెట్ ఒకటి ఇవ్వడానికి వాళ్ళ నాన్నగారు సోమవారం బడికి వస్తానన్నారు. ఆయన రెండు గంటలు పర్మిషన్ పెట్టుకుని వచ్చేసరికి ఆవిడ వేరే చోట పరీక్ష డ్యూటీలో ఉన్నారు. కాగితం చేతిలో పట్టుకుని ఎలా వచ్చారో అలాగే వెళ్ళిపోయారు.

ఆ అబ్బాయి మధ్యాహ్నం మా గుంపులోకి వచ్చి మూతి ముడుచుకుని కూర్చున్నాడు. మా గుంపు అంటే ఈ న్యూ టౌన్‌లో వారానికొకసారి, చివరి పీరియడ్‌లో, లైబ్రరీ మూల కిటికీ దగ్గర చేరే తెలుగువాళ్ళం. పిల్లలు తొమ్మిదిమంది, పాఠం చెప్పే మనిషి ఒకరు. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు కొందరు విమానాశ్రయంలో, కొందరు బ్యాంకుల్లో, ఒకరిద్దరు సరిహద్దు దళంలో పనిచేస్తారు. మాలో ఎవరిని కదిపినా మూడు రాష్ట్రాల ఊళ్ళ పేర్లు రాలతాయి. ఆ పీరియడ్ తెలుగు చదువుకోవడానికే. కానీ పరీక్షలు దగ్గరపడితే ఇంగ్లీషు వ్యాకరణం చొరబడుతుంది. తొమ్మిది, పది తరగతుల సిలబస్‌లో రిపోర్టెడ్ స్పీచ్ ఉంది. ఒకరు చెప్పిన మాటను ఇంకొకరికి చేరవేయడం. దాంతో మాకు మొదటి నుంచీ పేచీయే.

ఆ రోజు ఆ అబ్బాయి తప్పుని బోర్డు మీద పెట్టి చూశాం. "నాన్న సోమవారం వస్తానన్నారు." "నాన్న సోమవారం వస్తారన్నారు." "నాన్న సోమవారం రమ్మన్నారు." ఒకటి రెండు అక్షరాలే తేడా, కానీ బడికి వచ్చే మనిషి మారిపోతున్నాడు. మొదటిదాంట్లో నాన్నగారే వస్తారు. రెండోదాంట్లో ఇంకెవరో పెద్దమనిషి వస్తారు. మూడోదాంట్లో వెళ్ళాల్సింది మనం. తెలుగు ఈ పని చాలా తేలిగ్గా చేస్తుంది. నాన్న నోటి మాట "వస్తాను"ని అలాగే ఎత్తి తెచ్చి, "అని" అనే చిన్న ముడి వేసి, మన మాట "అన్నారు"కి కడుతుంది. ఆయన మాట చెక్కు చెదరదు. ముడి ఉంది కాబట్టి "వస్తాను" ఎవరిదో వినేవాళ్ళు పొరబడరు. ఇంగ్లీషులో అలాంటి ముడి లేదు. కొటేషన్ గుర్తులు కాగితం మీద కనబడతాయి గాని చెవికి వినబడవు. అందుకే "సెడ్ ఐ విల్ కమ్" అనగానే ఆ "ఐ" చెబుతున్న పిల్లవాడి నెత్తిన పడింది. వాడిది పొరపాటే గాని అజ్ఞానం కాదు. తెలుగు అలవాటుని నమ్మకంగా ఇంగ్లీషులోకి మోసుకెళ్ళాడు, అంతే.

"బంగ్లాలో కూడా ఇంతే కదా" అన్నాడు మా ఖరగ్‌పూర్ కుర్రాడు. వాళ్ళది తరాల కిందట శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వెళ్ళి అక్కడే పాతుకుపోయిన కుటుంబం. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది కదా, అలాంటి కుటుంబాలను చూసే. ఈ కుర్రాడు తెలుగు ఎంత వేగంగా మాట్లాడతాడో బంగ్లా అంత వేగంగా మాట్లాడతాడు. "ఆష్‌బే బోలే జానియేఛే" అని రాసి చూపించాడు. వస్తాడని తెలియజేశాడు అని అర్థం. అందులో "బోలే" అంటే చెప్పి, అని. మన "అని" కూడా "అను" నుంచి వచ్చిందే. ఎక్కడి భాషకు ఎక్కడి భాష! ఒకటి ద్రావిడ కుటుంబం, ఇంకొకటి కాదు. అయినా రెండూ అనడం అనే క్రియనే తీసుకుని ముడి తాడుగా పేనుకున్నాయి. హిందీలో "ఉస్‌నే కహా కి మైఁ ఆవూఁగా" అన్నా "మైఁ" అన్నవాడిదే. అంటే మా తరగతిలో పక్క బెంచీలో కూర్చున్న బెంగాలీ పిల్లలూ, బీహారు పిల్లలూ కూడా ఇదే గోతిలో పడుతున్నారన్నమాట. ఈ మాట తెలిశాక ఆ ఏడో తరగతి అబ్బాయి మొహం కాస్త తేటపడింది.

ఇక గైడు పుస్తకంలోని పట్టిక సంగతి. "నౌ" అంటే "దెన్", "టుడే" అంటే "దట్ డే", "హియర్" అంటే "దేర్", "దిస్" అంటే "దట్". మా వాళ్ళు దాన్ని ఎక్కంలాగా అప్పజెబుతారు. మార్కులకి అది చాలు. కాని మా దృష్టిలో ఆ పట్టిక సగం అబద్ధం. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ "ఇక్కడ సైకిల్ పెట్టొద్దు" అన్నాడు. ఆ మాట బడికొచ్చి చెబితే "దేర్" సరైనదే. అదే గేటు దగ్గర నిలబడి తమ్ముడికి చెబితే? "హియర్" అనే అనాలి, లేకపోతే తమ్ముడు ఇంకో చోటు వెతుక్కుంటాడు. నాన్న పొద్దున "రేపు" అన్నది సాయంత్రం చెబితే అది ఇంకా రేపే, నాలుగు రోజుల తర్వాత చెబితేనే "ద నెక్స్ట్ డే" అవుతుంది. కాబట్టి గుర్తుంచుకోవలసింది పట్టిక కాదు. చెబుతున్న మనిషి ఇప్పుడు ఎక్కడ నిలబడి ఉన్నాడు, ఎప్పుడు చెబుతున్నాడు అన్నది. ఇంగ్లీషు మాట మోసేవాడిని తన చోటు నుంచి చూడమంటుంది. తెలుగు అన్నవాడి చోటు నుంచే చూపిస్తుంది.

కాలం మార్చడంలోనూ తిరకాసు ఉంది. "షి సెడ్ దట్ షి హ్యాడ్ పెయిన్" అని రాస్తే వ్యాకరణానికి వంక పెట్టలేం. కాని విన్నవాళ్ళకి ఆ నొప్పి ఇప్పుడు ఉందా, పోయిందా? ఇంకా ఉంటే "హ్యాజ్" అని ఉంచినా తప్పు లేదు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని టీచరు చెప్పినప్పుడు ఆ "తిరుగుతుంది"ని మార్చం కదా, అలాగే.

గైడుని పక్కన పెట్టి ఒక పని పెట్టుకున్నాం. ప్రతి ఒక్కరూ వారంలో తమతో ఎవరైనా అన్న ఒక మాట తెచ్చి ఇంగ్లీషులో చేరవేయాలి. బోలెడు మాటలొచ్చాయి. విశ్వ బంగ్లా గేటు దాటాక టోటో అబ్బాయి "ఆర్ జాబో నా" అన్నాడట. "హి సెడ్ దట్ హి వుడ్ నాట్ గో ఎనీ ఫర్దర్" అని రాసింది ఒకమ్మాయి. బాగానే ఉంది. "రెఫ్యూజ్డ్" అంటే ఒక్క మాటలో తేలిపోతుంది కదా అన్నాడు ఇంకొకడు. చేపల బజారులో అమ్మేవాడు రుయి చేప తాజాదన్నాడు. దానికి "సెడ్" వేయాలా, "క్లెయిమ్డ్" వేయాలా అని పావుగంట వాదన. "క్లెయిమ్డ్" అంటే చేరవేసేవాడికి నమ్మకం లేదని చెప్పకనే చెప్పినట్టు. "మా అమ్మ వాసన చూసి కొనలేదు, అందుకని క్లెయిమ్డ్" అని తీర్పు చెప్పారు. "అడ్మిటెడ్" అన్న మాట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాం. ఒకడు మామూలుగా "నేను అక్కడే ఉన్నాను" అంటే, దాన్ని "అడ్మిటెడ్" అని చేరవేస్తే వాడి మీద నేరం మోపినట్టే. తెలుగులోనూ "చెప్పాడు"కీ "ఒప్పుకున్నాడు"కీ అంత దూరం ఉంది. క్లాస్ మానిటర్లు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

"నిష్ఠూరమాడింది" అన్నదానికి మాత్రం ఇంగ్లీషు మాట మాకు దొరకలేదు. దొరికినవాళ్ళు చెప్పండి.

ఇదంతా సరదాగా నడుస్తున్న రోజుల్లోనే మాలో ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి రెండు వారాలు నోరు విప్పలేదు. తర్వాత చెప్పింది. వాళ్ళ నాన్నగారు సరిహద్దు దగ్గర ఉంటారు. ఇక్కడ అమ్మ, తను, తమ్ముడు. పార్వతీపురం నుంచి వచ్చిన నాన్నమ్మకు బి.పి. ఒకరోజు ఆవిడ కళ్ళు తిరిగి గోడ పట్టుకుని కూలబడితే టోటో ఎక్కించి దగ్గర్లోని క్లినిక్కుకి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరుకి తెలుగు రాదు, నాన్నమ్మకు తెలుగు తప్ప రాదు, అమ్మకు హిందీ అంతంతమాత్రం. ఇద్దరికీ ఈ అమ్మాయే నోరు. మీలో చాలామంది మీ ఇంట్లో ఈ పని చేస్తూనే ఉంటారు. బ్యాంకులో, గ్యాస్ ఆఫీసులో, ఇంటివాళ్ళ దగ్గర. అందుకే ఇది ఇక్కడ రాస్తున్నాం. రాయమని ఆ అమ్మాయే అంది.

డాక్టరు మందుల సంచిలోంచి ఒక అట్ట తీసి, ఇది వేసుకుంటోందా అని అడిగాడు. "నేదమ్మా, అది ఆపీమన్నారు" అంది నాన్నమ్మ. అమ్మాయి తడుముకోకుండా "దే సెడ్ స్టాప్" అంది. "హు ఆర్ దే?" అన్నాడు డాక్టరు. అమ్మాయికి గొంతు పట్టేసింది. వెనక ఇంకా జనం ఉన్నారు. ఆయనే "నైబర్స్?" అన్నాడు. ఈ పిల్ల ఔననలేదు, కాదనలేదు. ఇరుగుపొరుగు మాట విని బి.పి. మందు మానేస్తారా అని ఆయన కోప్పడ్డాడు. ఆయన విన్నదాన్ని బట్టి ఆ కోపం న్యాయమే. అదే మాత్ర మళ్ళీ వాడమని రాశాడు. వారం తిరక్కుండా నాన్నమ్మ పాదాలు వాచిపోయాయి, చెప్పులు పట్టలేదు. అప్పుడు పార్వతీపురంలో బాబాయికి ఫోన్ చేస్తే తెలిసింది. ఆ మాత్రకి కాళ్ళు వాస్తున్నాయనే అక్కడి డాక్టరుగారు దాన్ని ఆపి వేరేది రాశారు. ఆ కొత్త మాత్రలు ప్రయాణం హడావుడిలో ఇంట్లోనే ఉండిపోయాయి, పాత అట్ట మాత్రం సంచిలో వచ్చింది.

"ఆపీమన్నారు" అన్నది ఒక్క డాక్టరుగారు. గౌరవం కొద్దీ "అన్నారు". తెలుగులో ఒక్క మనిషిని గౌరవిస్తే ఇంగ్లీషులో ఆయన గుంపైపోయాడు. పైగా "డాక్టరుగారు" అన్న మాటే ఆవిడ నోట రాలేదు. ఇంట్లో అందరికీ తెలిసిన మనిషిని వేరే చెప్పక్కర్లేదు కదా. తెలుగు వాక్యానికి కర్త లేకపోయినా కాళ్ళుంటాయి, నడిచిపోతుంది. క్లినిక్కులో ఆ కాళ్ళు ఎవరివో తెలిసినవాళ్ళు లేరు.

"గౌరవంగా మాట్లాడడం తప్పా మేడమ్?" అని అడిగింది ఆ అమ్మాయి. మేమెవరం వెంటనే జవాబు చెప్పలేకపోయాం. నాన్నమ్మది తప్పు కాదు. ఆవిడ తన మనవరాలితో మాట్లాడింది. పిల్లది తప్పు అనడానికి మనసు ఒప్పదు, పదమూడేళ్ళ పిల్ల. పరీక్షలో "దే సెడ్"కి ఎవరూ మార్కు తగ్గించరు. మాకు అప్పుడు తోచింది ఒకటే. ఎవరన్నారో తెలియనప్పుడు, చేరవేసేవాళ్ళు ముందు వెనక్కి తిరిగి అడగాలి. "నాన్నమ్మా, ఎవరన్నారు?" అని ఒక్క మాట. డాక్టరు ఎదురుగా ఉన్నా, వెనక జనం ఉన్నా సరే. దుబాసీకి ఆగి అడిగే హక్కు ఉంది. ఆ హక్కు సంగతి మా గైడులో ఎక్కడా లేదు.

మర్నాడు ఆ అమ్మాయి బాబాయి పంపిన చీటీ ఫోటోతో, తను ముందే రాసుకున్న ఒక వాక్యంతో మళ్ళీ వెళ్ళింది. ఆ కాగితం మాకు చూపించింది. "హర్ డాక్టర్ ఎట్ పార్వతీపురం టోల్డ్ హర్ ఇన్ మే టు స్టాప్ దిస్ టాబ్లెట్ బికాజ్ హర్ ఫీట్ వర్ స్వెల్లింగ్." ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఎందుకు, అన్నీ ఉన్నాయి. డాక్టరు చదివి మాత్ర మార్చి, ఈ మాట మొదటే చెప్పొచ్చు కదా అన్నాడట. ఆయన అలా అన్నాడని చెబుతున్నప్పుడు ఆ అమ్మాయి "సెడ్" వాడలేదు, "ఆస్క్‌డ్ మి వై" అంది. మేము గమనించాం గాని ఆ రోజుకి పాఠం చెయ్యలేదు.

అప్పటి నుంచి ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాం. ఊళ్ళో, ఆఫీసుల్లో మన మీదికి వచ్చి పడే మాటలు అందులో రాస్తాం. "టెనెంట్" ఎవరు, "ల్యాండ్‌లార్డ్" ఎవరు, "నామినీ"కీ "గార్డియన్"కీ తేడా ఏమిటి, "డిపెండెంట్" అంటే మనమేనా? "యాక్షన్ ఏరియా" అంటే ఫైటింగులు జరిగే చోటని మా ఆరో తరగతి పిల్లవాడు కొన్నాళ్ళు నమ్మాడు. న్యూ టౌన్‌ని కట్టేటప్పుడు పని సాగే భాగాలకు పెట్టిన పేర్లే ఇంటి చిరునామాల్లోకి ఎక్కాయని తెలిసి నిరాశపడ్డాడు. "ప్రెజెంట్ అడ్రస్", "పర్మనెంట్ అడ్రస్" అన్న రెండు గళ్ళ దగ్గర మాలో సగం మందికి చెయ్యి ఆగుతుంది. పర్మనెంట్ గడిలో మనం సెలవులకు వెళ్ళే ఊరు రాస్తాం, మనం ఎప్పుడూ ఉండని ఊరు.

బదిలీ కాగితాల భాష వీటన్నిటికీ తాత. "ది కాంపిటెంట్ అథారిటీ హ్యాజ్ డిసైడెడ్" అని ఉంటుంది. "మా నాన్నని ప్రతిసారీ ట్రాన్స్‌ఫర్ చేసేది ఈయనే, ఈయన పేరేంటి మేడమ్?" అని అడిగాడు ఒకడు నిజంగా. సంతకం పెట్టినాయన తనని తాను "అండర్‌సైన్డ్" అంటాడు, "నేను" అనడు. తెలుగు కాగితాలేమీ తక్కువ తినలేదు. "ఇందుమూలముగా తెలియజేయడమైనది." ఎవరు తెలియజేశారు? నాన్నమ్మ వాక్యంలో కర్త లేకపోవడం చనువు. ఇక్కడ లేకపోవడం వేరు. ఇక్కడ కర్తని కావాలనే తీసి లోపల పెట్టారు.

ఇలాంటి పనిమాటలు పోగుచేసిన ఒకాయన ఈ ఊళ్ళోనే పుట్టారు. తెలుగు పాఠాల్లో ఆయన పేరు మీరు వినే ఉంటారు, చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1798లో కలకత్తాలో పుట్టారు. తండ్రి 1812లో పోయాక కుటుంబం ఇంగ్లండు వెళ్ళింది. 1817లో కంపెనీ ఉద్యోగానికి మద్రాసు వచ్చి అక్కడ తెలుగు నేర్చుకున్నారు. 1820లో కడప, 1822లో మచిలీపట్నం, తర్వాత రాజమండ్రి, మళ్ళీ కడప. చూశారా, మన నాన్నగార్ల సర్వీసు పుస్తకంలాగే ఉంది. ఆయన అనగానే వేమన పద్యాలు, పెద్ద నిఘంటువు చెబుతాం. సరే, అవి గొప్పవే. మాకు ఇష్టమైనవి మాత్రం వేరు. 1852లో కచేరీల్లో, వ్యవహారంలో వాడే మాటలకు అర్థాలు చెప్పే "జిల్లా డిక్షనరీ" వేశారు. 1854లో తెలుగులో కలిసిపోయిన పరాయి మాటలకు "మిశ్రభాషా నిఘంటువు" వేశారు. తెలుగు, ఇంగ్లీషు సంభాషణల పుస్తకం కూడా ఒకటుంది. కొత్త ఊళ్ళో కొత్త భాష మధ్య పని చెయ్యాల్సిన మనిషికి పద్యాలతో పాటు రసీదు, జామీను లాంటి మాటలూ కావాలని ఆయనకు తెలుసు. మా నోటుపుస్తకం అట్ట మీద ఖరగ్‌పూర్ కుర్రాడు "న్యూ టౌన్ మిశ్రభాషా నిఘంటువు" అని రాశాడు. అక్షరదోషం లేకుండా రాశాడు కాబట్టి ఊరుకున్నాం.

ఫిబ్రవరిలో ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి వాళ్ళ నాన్నగారికి ఆర్డరు వచ్చింది. ఈసారి ఈశాన్యం వైపు. పీరియడ్ మొదట్లో, వారం మాటల వంతు తనకి వచ్చినప్పుడు, బోర్డు దగ్గరికి వెళ్ళి రాసింది. "మై ఫాదర్ టోల్డ్ మై మదర్ దట్ వి వుడ్ హ్యావ్ టు లీవ్ హియర్ ఇన్ ఏప్రిల్."

"హియర్ కాదు, దేర్" అన్నాడు ఏడో తరగతి అబ్బాయి. వాడికి ఇప్పుడు పట్టిక కంఠోపాఠం.

అమ్మాయి సుద్దముక్క పట్టుకుని ఒక్క క్షణం బోర్డు వంక చూసింది. "ఏప్రిల్ ఇంకా రాలేదుగా" అంది. మాట దిద్దకుండా వచ్చి తన చోట్లో కూర్చుంది. తర్వాత వంతు ఖరగ్‌పూర్ కుర్రాడిది.